నడుం నొప్పికి తేదీ కావాలి

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస చుట్టూ ఏ ఊరికి వెళ్లినా మిలట్రీ చేసి వచ్చినవాళ్లు నలుగురైనా తగులుతారు. కొత్తమ్మతల్లి జాతరకు సెలవు దొరకబుచ్చుకుని వచ్చే కుర్రాళ్లు ఉంటారు. పింఛను తీసుకుంటూ జీడితోట చూసుకునే పెద్దవాళ్లూ ఉంటారు. ఆ పెద్దవాళ్లలో కొందరి బీరువాలో రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఉంటుంది. మీ నడుం జబ్బు సైనిక సేవ వల్ల వచ్చింది కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు, అందుకని వైకల్య పింఛను మంజూరు చేయలేం అని అందులో రాసి ఉంటుంది. కిందెక్కడో, దీనిపై ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చన్న ముక్క కూడా ఉంటుంది. ఆ ముక్క చదవకుండానే ఉత్తరం మడత పెట్టేసినవాళ్ల కోసం ఈ అధ్యాయం.

ఎందుకు మడత పెట్టారో ఊహించడం కష్టం కాదు. అడగడానికి నామోషీ. "ఏటి, నడుం నొప్పి ఎవుడికి లేదు? కొబ్బరిచెట్టెక్కినోడికి లేదా, ఊడుపులకెళ్లినోలికి లేదా?" అంటారు ఊళ్లో. నిజమే, వాళ్లకీ ఉంది. వాళ్లకు పింఛను లేకపోవడం అన్యాయమే. అంతమాత్రాన మీ హక్కు మీరు వదులుకుంటే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. పైగా ప్రభుత్వం మిమ్మల్ని అడుగుతున్నది నొప్పి ఉందా అని కాదు. అది ఎప్పుడు మొదలైంది, అప్పుడు మీరు ఏ యూనిట్లో ఉన్నారు, ఏ పని చేస్తున్నారు, ఏ ఆసుపత్రిలో రాసుకున్నారు అని అడుగుతోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని నాలుగు పేజీలు రాసినా ఆ ప్రశ్నలకు జవాబు దొరకదు. ఒక తేదీ, ఒక చోటు, ఒక కాగితం చూపిస్తే దొరుకుతుంది.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఎంత వస్తుందో తెలియకుండా ఎవరూ ఢిల్లీకి ఉత్తరాలు రాస్తూ కూర్చోరు. వైకల్య పింఛనులో డిజేబిలిటీ ఎలిమెంట్ అనే భాగం 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. శాతం తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది. చివరి జీతం 40,000 అనుకోండి. 100 శాతానికి 12,000 వస్తుంది. నడుముకు మెడికల్ బోర్డులు తరచూ వేసేది 20 శాతం. దానికి 2,400. అయితే 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తర్వుతో బ్రాడ్ బ్యాండింగ్ అనే పద్ధతి వచ్చింది. 50కి లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన ఉన్నదాన్ని 100గా లెక్కిస్తారు. మొదట్లో దీన్ని జబ్బు వల్ల మధ్యలో ఇంటికి పంపేసినవారికే ఇచ్చారు. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవారికీ ఇవ్వాలని 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు ఆ 2,400 కాస్తా నెలకు 6,000 అవుతుంది. జీవితాంతం వస్తుంది, దాని మీద డీఏ కూడా ఉంటుంది.

ఇందులో ఒక గీత ఉంది, గుర్తుంచుకోండి. సర్వీసు పూర్తి చేసినవారికి బోర్డు 20 కన్నా తక్కువ వేస్తే ఏమీ రాదు. 15 అని రాసిన కాగితం చూసి సరేలే అనుకుంటే ఆ అయిదు శాతంతో మొత్తం పోయినట్టే. మధ్యలో ఇంటికి పంపేసినవారి సంగతి వేరు. ఉద్యోగమే చేయలేనంత జబ్బయితే అది 20కి తక్కువ ఎలా అవుతుందని 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అడిగింది.

బోర్డు కాగితంలో ఏముంటుంది

రిటైరయ్యే ముందు మిమ్మల్ని రిలీజ్ మెడికల్ బోర్డు ముందు నిలబెట్టి ఉంటారు. ఆ ఫారం పేరు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. మీ కేసు నెగ్గినా ఓడినా చాలావరకు ఆ కాగితం మీదే. అందుకే దాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

మొదటి భాగం మీరే చెప్పాల్సింది. ఎక్కడెక్కడ పనిచేశారు, జబ్బు మొదట ఎప్పుడు, ఏ ఊళ్లో కనిపించింది, ఎక్కడ చికిత్స చేశారు, సేవలో జరిగిన ఏ సంఘటన వల్ల అది వచ్చిందని లేదా ముదిరిందని మీరు అనుకుంటున్నారు? ఇవన్నీ అడుగుతారు. ఈ చివరి గడిలో ఎక్కువమందికి 'నిల్' అనే ఉంటుంది. క్లర్కు రాశాడు, మీరు సంతకం పెట్టారు. ఇంటికి పోయే తొందర, పక్కన పెట్టె సర్దుకుని ఉంది, ఇంకెవరు చదువుతారు? ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఈ పేజీ చదువుతుంటే ఒక్క పని చేయండి. ఆ గడిని ఖాళీగా వదలకండి. ఆర్టిలరీలో 155 ఎంఎం గుండు ఒక్కోటి 40 కిలోల పైనే ఉంటుంది. వాటిని ఎన్నేళ్లు మోశారో రాయండి. మంచులో పికెట్ మీదికి ఎక్కించిన సామాన్ల గురించి రాయండి. కొండ దారుల్లో బండి ఎన్నేళ్లు తోలారో రాయండి.

తరువాతి భాగం డాక్టర్లది. ఈ జబ్బు సర్వీసులో చేరకముందు ఉందా అని అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది. దాదాపు ప్రతి ఫారంలోనూ దానికి 'లేదు' అనే జవాబు ఉంటుంది. ఆ కిందే సేవ వల్ల వచ్చిందా అని ఇంకో ప్రశ్న. దానికీ 'లేదు'. కారణం రాయాల్సిన చోట 'కాన్‌స్టిట్యూషనల్' అనో, 'డీజెనరేటివ్' అనో, 'పీస్ స్టేషన్‌లో మొదలైంది' అనో ఒకే ఒక్క ముక్క ఉంటుంది. చేరేటప్పుడు లేని జబ్బు, చేరాక వచ్చిన జబ్బు, సేవతో సంబంధం లేదంటే మరి దేనితో ఉన్నట్టు? ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు లేకపోతే, మీ అప్పీలు మొదలవ్వాల్సింది అక్కడే.

చట్టం కూడా మీ పక్కే నిలబడింది. 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్‌లో ఒక మూల సూత్రం ఉంది. చేరేటప్పుడు వైద్య పరీక్షలో జబ్బేమీ నమోదు కాకపోతే, ఆ మనిషి ఆరోగ్యంగా చేరాడనే భావించాలి. కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిది. అనుమానం వస్తే ఆ లాభం సైనికుడికే దక్కాలి. ధరంవీర్ సింగ్ అనే సిగ్నల్స్ సిపాయి 1985లో చేరి, 1994లో మూర్ఛ జబ్బుతో ఇంటికొచ్చాడు. బోర్డు కారణం చెప్పకుండానే సేవతో సంబంధం లేదని రాసింది. 2013 జూలై 2న సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇస్తూ, బోర్డు కారణాలు రాసి తీరాలని చెప్పింది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులోనూ, 2025 మే నెలలో రాజుమోన్ కేసులోనూ అదే మాట. నడుం నొప్పి కేసులు గెలిచినవాళ్లలో ఎక్కువమంది ఈ దారినే వచ్చారు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. నిబంధనలు 2008లో మారాయి, 2023 సెప్టెంబర్ 21 నుంచి మళ్లీ మారాయి. మీరు సర్వీసు వదిలిన తేదీని బట్టి ఏ నిబంధనలు వర్తిస్తాయో చూసుకోవాలి. 2023 తర్వాత బయటికి వచ్చినవారు పాత తీర్పులు చేతిలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండటానికి లేదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వాళ్లకు ఇవేవీ వర్తించవు. వారి నిబంధనలు వేరు, వారు వెళ్లాల్సింది హైకోర్టుకు.

పీస్ స్టేషన్ అన్న మాట గురించి రెండు ముక్కలు. నడుములో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే పూసల మధ్య డిస్కు చాలాసార్లు ఒక్క రోజులో జారదు. లేహ్‌లోనో తవాంగ్‌లోనో మూడేళ్లు మోసిన బరువు, సికింద్రాబాద్‌కు బదిలీ అయ్యాక ఒక పొద్దున్న పీటీలో బయటపడుతుంది. రిపోర్టు సికింద్రాబాద్‌లో పడింది కాబట్టి జబ్బు సికింద్రాబాద్‌దే అంటే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు. అందుకే అప్పీలుతో పాటు మొత్తం పోస్టింగుల జాబితా జతచేయాలి. ఏ ఏడాది ఎక్కడ ఉన్నారో, అందులో ఏది ఫీల్డో, ఏది పీసో అందులో ఉండాలి.

అలాగని ప్రతి నడుం నొప్పికీ పింఛను వస్తుందని చెప్పను. సెలవులో బంధువుల ఇంటికి వెళ్లి జారిపడిన విజయ్ కుమార్ అనే సైనికుడి కేసులో 2015లో సుప్రీంకోర్టు, ఆ గాయానికీ సేవకూ సంబంధం లేదని తేల్చింది. సెలవులో ఊరికొచ్చి హైవే మీద బైకు నుంచి పడితే అది సేవలో గాయమని రాయించుకోవాలని చూడకండి. అబద్ధం ఒకటి దొరికితే మీ నిజాలన్నీ దాని కిందే పోతాయి. వెనకాల వచ్చే నిజమైన కేసులనూ అనుమానంతో చూస్తారు.

కాగితాలు తెచ్చుకోవడం

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చిన తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల పైకప్పులూ పోయాయి. తడిసిపోయిన పెట్టెల్లో డిశ్చార్జి పుస్తకాలు కూడా ఉండి ఉంటాయి. కాగితాలు లేవని ఆగిపోనక్కర్లేదు. అసలువి మీ రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఆర్టిలరీ అయితే నాసిక్, ఈఎంఈ అయితే సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఎంఈజీ అయితే బెంగళూరు. అక్కడి ప్రజా సమాచార అధికారికి 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'నా వైద్య కాగితాలన్నీ ఇవ్వండి' అని రాయకండి. ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగండి: చేరేటప్పటి వైద్య పరీక్ష, కేటగిరీ తగ్గించినప్పటి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15, రిలీజ్ బోర్డు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 మొత్తం పేజీలు, ఆసుపత్రి కేస్ షీట్లు, గాయమైతే ఐఏఎఫ్‌వై-2006 అనే ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరిగి ఉంటే దాని నకలు, పోస్టింగుల వివరాలు.

పింఛను లేకుండా బయటికి వచ్చినవారు మాత్రం ఆలస్యం చేయకూడదు. వారి కాగితాలను 25 ఏళ్లు దాటాక నాశనం చేస్తారు. ఆ తర్వాత మీ మాట తప్ప మరో సాక్ష్యం మిగలదు.

అప్పీలు రాయడం

ఇప్పుడు కలం పట్టుకోండి. చాలామంది ఇలా రాస్తారు: 'అయ్యా, నేను 17 ఏళ్లు దేశసేవ చేశాను. నడుం నొప్పితో బాధపడుతున్నాను. పిల్లలు చిన్నవాళ్లు. దయచేసి పింఛను ఇప్పించగలరు.' ఇందులో ప్రతి మాటా నిజమే అయి ఉండొచ్చు. కానీ ఫైలు చూసే అధికారికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. దయ చూపే అధికారం ఆయనకు లేదు. పొరపాటు దిద్దే అధికారం ఉంది.

దాన్నే ఇలా రాసి చూడండి: 'చేరేటప్పుడు నన్ను పూర్తి ఆరోగ్యవంతుడిగా, షేప్-1గా నమోదు చేశారు. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు ఎత్తైన కొండ ప్రాంతంలో ఫీల్డ్ పోస్టింగులో ఉండి ఫలానా పని చేశాను. ఫలానా తేదీన ఫలానా మిలట్రీ ఆసుపత్రిలో మొదటిసారి నడుం నొప్పికి చేర్చుకున్నారు. ఫలానా తేదీన డిస్కు జారిందని ఎంఆర్ఐలో తేలింది. అప్పటి నుంచి లో మెడికల్ కేటగిరీలో కొనసాగాను. ఈ జబ్బు చేరకముందు లేదని రిలీజ్ బోర్డే రాసింది. సేవతో సంబంధం లేదనడానికి మాత్రం కారణం రాయలేదు.' అర పేజీ కూడా లేదు. ప్రతి వాక్యం పక్కన దాని రుజువు ఏ జతకాగితంలో ఉందో అంకె వేయండి. తీర్పుల పేర్లు చివర రెండో మూడో చాలు. పది పేర్లు వేస్తే ఎవరో ఫారం అమ్మారని తెలిసిపోతుంది.

మొదటి అప్పీలు రికార్డు ఆఫీసు ద్వారా సైనిక ప్రధాన కార్యాలయంలోని మొదటి అప్పీళ్ల కమిటీకి వెళ్తుంది. అదీ తిరస్కరిస్తే రెండో అప్పీలు ఇంకో కమిటీకి. ప్రతిదానికీ ఆరు నెలల గడువు ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు ఫైలులో పెట్టుకోండి. పంపినవాటికి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, 2007 చట్టం 21వ సెక్షన్ ప్రకారం సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ మాజీ సైనికుల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. పలాసలో రైలెక్కి చెన్నై దాకా పోవడం, అదీ నడుం నొప్పితో, తేలిక కాదని తెలుసు. అయినా ప్రతి వాయిదాకు మీరే వెళ్లాల్సిన పని లేదు, లాయరు ఉంటాడు.

లాయరు అనగానే మధ్యవర్తులు వస్తారు. 'వచ్చిన అరియర్సులో సగం ఇవ్వండి చాలు, పని నేను చూసుకుంటాను' అంటారు. గెలుపులో వాటా మీద ఫీజు మాట్లాడుకోవడం మన దేశంలో లాయర్ల నియమాలకే విరుద్ధం. అలా మాట్లాడిన మనిషికి మీ అసలు కాగితాలు ఇవ్వకండి. ముందు శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2025 జూలై 26న వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనిక బోర్డుల దగ్గరే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోనూ అడగండి. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. భర్త పోయాక ఆయనకు రావాల్సిన బకాయిల కోసం పోరాడే భార్యలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆలస్యమైపోయిందని భయపడేవాళ్లకు తర్సేమ్ సింగ్ కథ చెప్పాలి. ఆయన 1983లో ఇంటికొచ్చి 1999లో కోర్టుకెక్కాడు. పింఛను నెలనెలా వచ్చేది కాబట్టి, ఇవ్వకపోవడం నెలనెలా కొనసాగే తప్పేనని 2008లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే హక్కు పోలేదు గానీ, డబ్బు పోయింది. ఇంకో మెలిక కూడా ఉంది. 2008 నిబంధనలు వర్తించేవారు సర్వీసు వదిలిన 15 ఏళ్ల తర్వాత క్లెయిం పెడితే నిరూపణ భారం వారి మీదే పడుతుంది.

నొప్పి మాత్రల సంగతి

ఇది పింఛను విషయం కాదు, కానీ ఈ ప్రాంతంలో నడుం నొప్పి గురించి రాస్తూ వదిలేయలేను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందో ఇప్పటికీ తేలలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు రోజూ వేసుకుంటే కిడ్నీలకు హాని అన్నది మాత్రం తేలిన సంగతే. మెడికల్ షాపులో పది మాత్రల షీటు కొని, పొలానికి వెళ్లే ముందు ఒకటి, వచ్చాక ఒకటి వేసుకునే అలవాటు మానండి. ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే వాడుకోండి. పాలీక్లినిక్‌కు వెళ్లి క్రియాటినిన్ చూపించుకోండి, ఏ మాత్ర పడుతుందో డాక్టరునే అడగండి. అక్కడ రాసిన ప్రతి చీటీ జబ్బు కొనసాగుతోందనడానికి రుజువుగానూ పనికొస్తుంది. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా మాత్రం ఓపీ రోజు దాకా ఆగకండి, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

మళ్లీ పింఛను విషయానికి వస్తే, జబ్బు ముదిరిందని ఇంకోసారి బోర్డుకు పిలిచినప్పుడు నటించకండి. వంగగలిగినంత వంగండి. అమెరికా మాజీ సైనికుల శాఖ నడుం వంపును డిగ్రీల్లో కొలిచి శాతం వేస్తుంది. ముందుకు 60 డిగ్రీలు దాటి వంగలేకపోతే 20 శాతం, 30 దాటలేకపోతే 40. మన దగ్గర అంత బిగువు లెక్క లేదు. శాతం చాలావరకు డాక్టరు అంచనా మీదే ఉంటుంది. అందుకే ఎంతవరకు వంగారో, కాలు నిటారుగా ఎంత ఎత్తితే నొప్పి వచ్చిందో డిగ్రీల్లో రాయమని మర్యాదగా అడగండి. "సార్, కొలత కూడా రాయండి సార్" అంటే ఏ డాక్టరూ కోప్పడడు.

ఇప్పుడు బీరువా తెరిచి ఆ ఉత్తరం తీయండి. పైన కుడివైపు తేదీ చూడండి. ఆరు నెలలు దాటకపోతే ఈ వారంలోనే మొదటి అప్పీలు పోస్టు చేయండి. దాటిపోతే ఆలస్యానికి కారణం ఒక పేరాలో రాసి, ఆ అప్పీలే పంపండి. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం రేపే పోస్టు చేయండి.